జిరాక్స్ తీయకూడని కాగితం

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ వరకు కోచింగ్ సెంటర్లు ఎన్నో, వాటిని ఆనుకుని జిరాక్స్ షాపులూ అన్ని. ముఖ్యమైన కాగితం చేతికొస్తే మనం చేసే పని ఒకటే: మూడు కాపీలు తీయించి, అసలుదాన్ని లామినేషన్ చేయించి, ఫొటో తీసి ఇంట్లోవాళ్లకు వాట్సాప్‌లో పంపడం. పదో తరగతి మెమోకు ఆ జాగ్రత్త సరైనదే. క్రిప్టో కరెన్సీ కోసం కొనే హార్డ్‌వేర్ వాలెట్‌తో పుట్టే కాగితానికి అదే జాగ్రత్త చేటు తెస్తుంది. వాలెట్‌లోని చిప్పును ఓడించడం కష్టం కాబట్టి దొంగలు ఆ కాగితాన్నీ, దాని యజమానినీ వెతుక్కుంటూ వస్తారు. అందుకే ఈ యంత్రం భద్రత చాలావరకు దాన్ని అమర్చుకునే మొదటి గంటలోనే తేలిపోతుందని నా వాదన.

ఈ యంత్రం వంశం బిట్‌కాయిన్ కన్నా పాతది. 1970ల మొదట్లో, ఈజిప్టు నుంచి అమెరికా వెళ్లిన ఇంజనీరు మొహమ్మద్ అటల్లా బ్యాంకు పిన్‌లను కాపాడే పెట్టెను తయారుచేశాడు. రహస్య సంఖ్య లోపలే ఉంటుంది, లెక్క లోపలే జరుగుతుంది, జవాబు మాత్రమే బయటికొస్తుంది. 1974లో ఫ్రాన్స్‌లో రోలాండ్ మొరెనో పేటెంట్ తీసుకున్న చిప్ కార్డు అలాంటి పనిని జేబులోకి తెచ్చింది. మన దగ్గర 2000 నాటి ఐటీ చట్టం డిజిటల్ సంతకానికి గుర్తింపునిచ్చింది. రిజర్వ్ బ్యాంకు 1996లో హైదరాబాద్‌లో నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థ, ఆ సంతకాలకు సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థల్లో ఒకటైంది. టెండర్లు వేసే కాంట్రాక్టర్లు, కంపెనీల డైరెక్టర్లు వాడే యూఎస్‌బీ టోకెన్ హార్డ్‌వేర్ వాలెట్‌కు దగ్గరి బంధువే. అందులోని ప్రైవేట్ కీ, అంటే సంతకం పెట్టే రహస్య సంఖ్య, కూడా బయటికి రాదు.

ఆ టోకెన్‌ను మనం ఎలా వాడుతున్నాం? చాలామంది దాన్ని పిన్‌తో సహా ఆడిటర్ ఆఫీసులో వదిలేస్తారు. తన కీ తన అదుపులోనే ఉండేలా జాగ్రత్తపడాలని ఐటీ చట్టం 42వ సెక్షన్ యజమానికి చెబుతున్నా అదే అలవాటు. అక్కడ పొరపాటు జరిగితే సర్టిఫికెట్ రద్దు చేయించి కొత్తది తీసుకోవచ్చు. క్రిప్టోలో రద్దు చేసే ఆఫీసు లేదు. ఆ అలవాటును ఇక్కడికి తెచ్చుకుంటే ఎంత ప్రమాదమో దీన్నిబట్టే తెలుస్తుంది.

2014లో ప్రాగ్ నగరంలోని సతోషీల్యాబ్స్ 'ట్రెజర్' పేరుతో తొలి హార్డ్‌వేర్ వాలెట్లను కొన్నవాళ్లకు పంపింది. నాణేలు యంత్రంలో ఉండవు, నెట్‌వర్క్ లెక్కల్లో ఉంటాయి. వాటిని కదిలించే కీ మాత్రమే యంత్రంలో ఉంటుంది. ఆ కీ పుట్టే మూలాన్ని 2,048 ఇంగ్లిష్ మాటల జాబితా నుంచి పన్నెండో ఇరవైనాలుగో మాటలుగా యంత్రం తెరమీద చూపిస్తుంది. పన్నెండు మాటలకే ఉన్న అవకాశాలు 34 పక్కన 37 సున్నాలు పెట్టినన్ని. ఏ కంప్యూటరూ ఊహించలేని ఆ సంఖ్య, ఫోన్‌లో ఫొటో తీసిన క్షణంలో ఒక గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ అంత బలహీనమైపోతుంది. జిరాక్స్ వద్దనడానికి కారణం అదే. ఆ మాటలు ఎవరి చేతిలో పడితే డబ్బు వాళ్లదే, యంత్రంతో పనిలేదు.

కాబట్టి యంత్రాన్ని తయారీదారు దగ్గరో, వాళ్లు అధికారికంగా గుర్తించిన డీలరు దగ్గరో కొనాలి. డబ్బాలో ముందే రాసిపెట్టిన మాటలు వస్తే అది మోసం. 2018లో బ్రిటన్‌లో అలాంటి సెకండ్ హ్యాండ్ యంత్రం కొన్న ఒకాయన దాచుకున్నదంతా పోగొట్టుకున్నాడు. మాటలు మీ ఎదుటే తెరమీద పుట్టాలి, పెన్నుతో కాగితం మీదికి ఎక్కాలి. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు పొంగి కోదండరామ్‌నగర్ ఇళ్లు మునిగాయి. అలాంటి చోట కాగితం ఒక్కటే చాలదు. స్టీలు రేకుమీద అక్షరాల పంచ్‌లతో సొంతంగా కొట్టుకోవాలి. నేమ్‌ప్లేట్లు చెక్కే షాపుకిస్తే జిరాక్స్ షాపుకిచ్చినట్టే. ఆ తర్వాత, పెద్ద మొత్తం వేయకముందే, యంత్రాన్ని చెరిపేసి రాసుకున్న మాటలతో మళ్లీ తెరవాలి. పాత అడ్రసులే వస్తే రాత సరైనదని రుజువు. చాలామంది వదిలేసేది ఈ మెట్టునే.

ఇంత తంటా దేనికి, ఎక్స్ఛేంజీలో ఉంచుకుంటే పోలా అంటారు. 2024 జులై 18న వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజీ నుంచి దాదాపు 23 కోట్ల డాలర్లు పోయాయి. ఖాతాదారుల విత్‌డ్రాయల్స్ ఆగిపోయాయి. అయితే అక్కడా హార్డ్‌వేర్ వాలెట్లే ఉన్నాయి కదా అన్న ప్రశ్న న్యాయమైనది, నా వాదనకు అదే గట్టి పరీక్ష. కంప్యూటర్ తెరమీద కనిపించిన లావాదేవీ ఒకటి, సంతకం పడింది మరొకదానిమీద అని వజీర్‌ఎక్స్ చెప్పింది. 2025 ఫిబ్రవరిలో బైబిట్ అనే మరో ఎక్స్ఛేంజీ దాదాపు 150 కోట్ల డాలర్లు పోగొట్టుకున్నదీ ఇంచుమించు ఇలాగే. ఎవరూ చిప్పును పగలగొట్టలేదు. యంత్రం అర్థం కాని అంకెల వరస చూపించినప్పుడు ఒప్పుకోవడం ఖాళీ కాగితం మీద సంతకం పెట్టడమే. అడ్రసునూ మొత్తాన్నీ కంప్యూటర్‌లో కాదు, యంత్రం సొంత తెరమీద చదవాలి. అక్కడ అర్థం కాకపోతే బటన్ నొక్కకూడదు.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది: యజమాని పోతే? ఎవరికీ చెప్పని రహస్యం ఆయనతోనే పోతుంది. మాటలను చెరిసగం చేసి ఇద్దరు కొడుకులకివ్వడం మంచి ఉపాయంలా కనిపిస్తుంది గానీ, ఒక సగం పోతే అంతా పోయినట్టే, ఒక సగం దొరికినవాడికి ఊహించాల్సింది బాగా తగ్గిపోతుంది. 1979లో ఆది షమీర్ కనిపెట్టిన పద్ధతిలో, ఉదాహరణకు, ఐదు ముక్కల్లో ఏ మూడు దొరికినా రహస్యం తిరిగొస్తుంది, రెండే దొరికితే ఏమీ తెలియదు. కొన్ని వాలెట్లలో ఈ సౌకర్యం ఉంది. అది లేనివాళ్లు యంత్రం ఉందనీ, రేకు ఫలానా చోట ఉందనీ ఇంట్లో ఒకరికి చెప్పాలి. మాటలు మాత్రం చెప్పకూడదు. ఆ ఒక్కరూ చిన్న మొత్తం వేసిన వేరే వాలెట్ మీద, మాటలతో తిరిగి తెరవడం ఒక్కసారైనా చేసి చూసి ఉండాలి.