జంట బుట్టల వేడిగాలి పొయ్యి

వేపుడు వంటకములలో నూనె చేయు ప్రధానకార్యము రుచి నొసగుట యని మనమనుకొందుము గాని, భౌతికశాస్త్రదృష్టితో చూచినచో అది ప్రప్రథమముగా ఉష్ణమును మోసికొనిపోవు వాహకము. 180 డిగ్రీల సెల్సియస్‌కు కాగిన నూనెలో పడిన బంగాళాదుంప ముక్కను ఆ ద్రవము అన్ని వైపులనుండి హత్తుకొని, తనలోని వేడిని క్షణకాలములో దాని ఉపరితలమునకు అందించును. అక్కడి నీరు తటాలున ఆవిరియై బుడగలుగా వెలువడును. ఆ బుడగల కల్లోలము చుట్టునున్న నూనెను కలియబెట్టి, క్రొత్త వేడినూనెను మరల మరల ముక్కకు తాకించును. ఎయిర్‌ఫ్రయర్ అను విద్యుత్పరికరము ఈ నూనె స్థానమున గాలిని నియోగించినది. అదే ఉష్ణోగ్రతవద్ద, ఒక లీటరు నూనెలో నిలువయుండు ఉష్ణము, అంతే ఘనపరిమాణముగల గాలిలోని ఉష్ణమునకు వేయి రెట్లకు మించియుండును. ఇంత బలహీనమైన వాహకముచేత ఏ పనిని ఎంతవరకు చేయించవచ్చును, నిత్యము నలుగురైదుగురికి వంట జరుగు ఇంటిలో రెండు బుట్టలుగల యంత్రము నిజముగా ఏమి యొసగును, దానిని మనమే పరీక్షించి తెలిసికొను మార్గమెట్టిది అనునవి విచారింపదగిన విషయములు.

నిశ్చలమైన గాలి ఉష్ణప్రసారమునకు మిక్కిలి అననుకూలమైనది. చల్లని వస్తువును వేడిగాలిలో నుంచినప్పుడు, దాని ఉపరితలమును అంటిపెట్టుకొని సన్నని గాలిపొర యొకటి దాదాపు కదలక నిలిచి, వెలుపలి వేడిని లోనికి రానీయక అడ్డగించును. ఈ హద్దుపొర సిద్ధాంతమును జర్మన్ శాస్త్రజ్ఞుడు లుడ్విగ్ ప్రాంట్ల్ 1904లో హైడెల్‌బర్గునందు జరిగిన అంతర్జాతీయ గణితశాస్త్ర మహాసభలో ప్రతిపాదించెను. ఆయన పరిశీలించినది ప్రవాహములలోని ఘర్షణయే యైనను, వంటింటి పొయ్యికిని ఆ సూత్రమే వర్తించును: గాలి వేగము హెచ్చినకొలది పొర పలుచబడును, పొర పలుచబడినకొలది వేడి త్వరితముగా లోనికి చొచ్చును. అమెరికాలో విలియమ్ మాక్సన్ అను నతడు రెండవ ప్రపంచయుద్ధము ముగియు కాలమున, గడ్డకట్టించిన భోజనపదార్థములను విమానములలో వేడిచేయుటకై, పంకాతో గాలిని త్రిప్పు పొయ్యిని నిర్మించెను. తాపకపు తీగను, పంకాను ఇరుకైన గదిలో ఆహారమునకు నేరుగా పైన అమర్చిన చిన్న పరికరమును నెదర్లాండ్సు దేశీయుడగు ఫ్రెడ్ వాన్ డెర్ వెయ్ రూపొందింపగా, ఫిలిప్స్ సంస్థ దానిని 2010లో విపణిలోనికి తెచ్చెను. జంట బుట్టల యంత్రములు ఆ వంశమున తరువాత పుట్టినవి.

అయినను వేడిగాలికిని కాగిన నూనెకును ఒక మౌలికభేదము గలదు. ఈ యంత్రముయొక్క గుణదోషములన్నియు దాదాపు దానినుండియే పుట్టుచున్నవి. నూనెలో వేసిన ముక్కయొక్క పైభాగము కొన్ని క్షణములలోనే నీటి మరుగుస్థానమైన 100 డిగ్రీలకు చేరును. గాలిలో నట్లు గాదు. తడిగానున్న వస్తువు మీదుగా వేడిగాలి వీచినప్పుడు, నీరు ఆవిరియగుచు ఉపరితలమునుండి వేడిని హరించును గనుక, గాలి 180 డిగ్రీలున్నను ముక్క పైభాగము తడియారువరకు 100 డిగ్రీలకు ఎంతో దిగువననే నిలిచియుండును. మండువేసవిలో వట్టివేళ్ళ తడికలపై నీరు చల్లి వడగాలిని చల్లబరచుకొనిన మన పెద్దల ఉపాయములో పనిచేసిన ప్రకృతిధర్మమే యిక్కడ మన వేపుడునకు అడ్డుపడుచున్నది. తడియారిన పిమ్మటనే ఉపరితలము 140 డిగ్రీలను సమీపించును. అప్పుడే చక్కెరలును ఆమైనో ఆమ్లములును సంయోగము చెంది, గోధుమవన్నెను, వేపుడు పరిమళమును పుట్టించు చర్య వేగము పుంజుకొనును. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ కమీల్ మేయార్ 1912లో వెల్లడించినది ఈ చర్యనే. కావున ఈ యంత్రములో పాకము రెండు దశలలో సాగును: మొదట ఎండుట, పిదప వేగుట. కడిగిన కూరగాయలను గుడ్డతో శుభ్రముగా తుడువక బుట్టలో వేసినవారు మొదటి దశనే దీర్ఘము చేయుచున్నారు. బుట్టను నిండుగా క్రుక్కినవారి సంగతి అంతకంటె విషమము. ముక్కలు ఒకదానిపై నొకటి పడి గాలికి త్రోవలేక, వెలువడిన ఆవిరి నడుమనే చిక్కుకొని, అక్కడ జరుగునది వేపుడు గాక ఉడుకు అగుచున్నది.

ఇందువలన బుట్టను లీటర్లలో కొలుచుట మనకంతగా ఉపకరింపదు. 500 గ్రాముల బంగాళాదుంప ముక్కల ఘనపరిమాణము సుమారు 460 ఘనపు సెంటీమీటర్లు. ఒక సెంటీమీటరు మందముగా తరిగి, ఎడమే లేకుండ ఒకే వరుసగా పరచినను వానికి 460 చదరపు సెంటీమీటర్ల చోటు వలయును. అడుగుభాగము 20 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు గల బుట్టలో నున్న చోటు 400 చదరపు సెంటీమీటర్లు మాత్రమే. గాలి తిరుగుటకు ఎడము విడిచినచో అందులో ఒక వరుసగా పట్టునది 300 గ్రాములు. నలుగురు తిను ఇంటికి పచ్చిముక్కలు 600 గ్రాములైనను కావలెను. ఇక్కడ రెండవ బుట్టయొక్క సార్థకత స్పష్టమగుచున్నది: అది లోతును గాక, పరచుటకు మరియొక నేలను ఇచ్చుచున్నది. లోతైన ఎనిమిది లీటర్ల ఒంటి బుట్టలో చేయలేని పనిని నాలుగేసి లీటర్ల రెండు బుట్టలు చేయగలుగుట యిందుచేతనే. అయితే జంటయంత్రములలో కొన్నింటి బుట్టలు ఇరుకుగా, లోతుగా నుండును. అంగడికి పోవునప్పుడు టేపు తీసికొనిపోయి అడుగుభాగపు పొడవు వెడల్పులను కొలిచి చూచుట, పెట్టెపై ముద్రించిన లీటర్లను నమ్ముటకంటె మేలు.

విద్యుచ్ఛక్తి విషయమున మాత్రము రెండవ బుట్ట వలన రెట్టింపు బలము వచ్చునని తలంపరాదు. బుట్టలు రెండైనను, వానిలో వేర్వేరు పంకాలు, తాపకములు ఉన్నను, గోడనుండి వచ్చు తీగ ఒక్కటియే. పెక్కు యంత్రములలో రెండు బుట్టలను ఏకకాలమున నడిపినప్పుడు లభ్యమగు శక్తి రెంటికిని పంపకమగును. వండుటకు పట్టు కాలము పెరుగును. ఎంత పెరుగునో తెలిసికొనుటకు వంటింటి తక్కెడ చాలును. ఒకే దుంపలనుండి ఒకే మందముగా తరిగిన 300 గ్రాముల ముక్కలను ఒక బుట్టలో మాత్రమే 180 డిగ్రీలవద్ద 20 నిమిషములు వేయించి తూచవలెను. యంత్రము చల్లారిన పిదప, రెండు బుట్టలలోను మున్నూరేసి గ్రాములు వేసి అంతే సేపు నడిపి మరల తూచవలెను. ఒక గ్రాము మరుగునీరు ఆవిరియగుటకు 2257 జౌళ్ళ శక్తి వలయును. అదే గ్రాము నీటిని 30 డిగ్రీలనుండి 100 డిగ్రీలకు తెచ్చుటకు 293 జౌళ్ళు చాలును. అనగా వేడిచేయుటకంటె ఆవిరిచేయుట కించుమించు ఎనిమిది రెట్లు ఖర్చు. కావున తూకములో తరిగిన ప్రతి గ్రామును యంత్రము ముక్కలకు నిజముగా అందించిన ఉష్ణమునకు సాక్ష్యము. మా యింట పరీక్షించిన యంత్రములో రెండు బుట్టలు కలిసి నడచినప్పుడు తరుగుదల తగ్గినది. ఒంటి బుట్ట యిచ్చినంతటి వేపుడునకై మరి నాలుగైదు నిమిషములు నడుపవలసివచ్చినది. ఇది లోపము గాదు. అయినను వంటవారు ముందుగా తెలిసికొనియుండవలసిన విషయము.

ఈ తక్కెడలెక్కనే మరికొంత సాగదీసినచో ఇంకొక సంగతియు బోధపడును. 300 గ్రాముల ముక్కలు 120 గ్రాముల నీటిని కోల్పోవుటకు, ముందుగా అవి వేడెక్కుటకు, మొత్తము సుమారు 350 కిలోజౌళ్ళు పట్టును. ఇది ఒక యూనిట్ విద్యుత్తులో పదవవంతు. 1200 వాట్ల తాపకము 20 నిమిషములు ఆగక వెలిగినచో ఖర్చగునది 0.4 యూనిట్. ఉష్ణోగ్రత కుదిరిన పిదప అది మాటిమాటికి ఆగుచుండును గనుక నిజపు ఖర్చు అంతకంటె కొంత తక్కువ. మిగిలినది గోడలను, గాలిని వేడిచేయుటకును, వెనుకనుండి వెడలు ఆవిరితోడను పోవును. అందుకే యంత్రమును గోడకు ఆనించి పెట్టరాదు. 2400 వాట్ల జంటయంత్రము 230 వోల్టుల సరఫరాపై 10 ఆంపియర్లకు మించిన ప్రవాహమును లాగును. మన యిండ్లలోని 6 ఆంపియర్ల చిన్న సాకెట్టు దీనికి తగదు. 16 ఆంపియర్ల సాకెట్టే ఉండవలెను, అదే బోర్డుపై గీజరు వంటిది నడువకుండ చూచుకొనవలెను.

గాలి బుట్టలో అంతటను సమముగా వీచుచున్నదో లేదో తెలియుటకు, అడుగున బ్రెడ్డు ముక్కలను చోటు విడువక పరచి కొలదిసేపు నడిపినచో చాలును. ఎక్కడ మాడినదో, ఎక్కడ తెల్లగా మిగిలినదో ఆ ముక్కలే పటమువలె చూపును. సాధారణముగా మూలలు వెనుకబడును. ఆ పటమును చూచినవారికి, నడుమ నొకసారి బుట్టను లాగి ముక్కలను కుదుపవలసిన అవసరమెందుకో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక మన వంటకములు. ఈ యంత్రమునకు స్వభావసిద్ధముగా అమరిన కూర బెండకాయ వేపుడు. బెండకాయ జిగురు నీటిలో ఉబ్బిన పిండిపదార్థజాతికి చెందిన ద్రవ్యము. నీరు పోయినచో జిగురును పోవును. పొడిగాలి చేయు మొదటి పనియే నీటిని తొలగించుట గనుక, బాణలిలో అరగంటసేపు ఓపికతో కలియబెట్టినగాని రాని పొడిపొడి గుణము ఇక్కడ పదునైదు నిమిషములలో, గరిట పెట్టకుండగనే వచ్చును. కాకరకాయ చక్రములును అట్టివే. చామదుంపలను ముందుగా ఉడికించి, నూనెయు కారమును పట్టించి వేసినచో పైన కరకరలాడుచు లోపల మెత్తగా నుండును. దొండకాయ తొక్క తేమను సులభముగా విడువదు. నిలువుగా చీల్చి వేయవలెను. ఉప్పు, కారము, పసుపు, అల్లము వెల్లుల్లి ముద్ద పట్టించిన చేపముక్కలు బహుచక్కగా వచ్చినవి. కోడిమాంసము విషయమున రంగును నమ్మరాదు; ఎముకకు దగ్గరనున్న భాగము 74 డిగ్రీలకు చేరినదో లేదో ఉష్ణమాపకముతో చూచుట క్షేమకరము.

నూనెను పూర్తిగా విడుచుట మాత్రము నా అభిప్రాయమున పొరపాటు. పసుపులోని వర్ణద్రవ్యము, మిరపలోని ఎరుపు, దాని ఘాటు, ఇవన్నియు నీటిలోకంటె నూనెలో సులభముగా కరగునవి. రెండు చెంచాల నూనెలో కలిపి ముక్కలకు పట్టించినప్పుడే అవి అంతటను వ్యాపించును. పొడిగా చల్లిన కారము గాలికి లేచిపోవును, లేదా మాడును. పోపుకూడ బుట్టలో కుదురదు. ఆవాలు రంధ్రములలోనుండి జారిపోవును, కరివేపాకు పంకా గాలికి ఎగిరి తాపకపు తీగకు తగిలి మాడును. పోపును గరిటలో వేరుగా పెట్టి, వేగిన ముక్కలలో చివరను కలుపుకొనుటయే తగిన పద్ధతి. మరియొక మాటయు న్యాయముగా చెప్పవలెను: మన నిత్యపు కూరవేపుడు నూనెలో ముంచి తీయునది కాదు, నాలుగైదు చెంచాలతో సాగునది. కనుక ప్రకటనలలో కనబడు నూనె పొదుపు బజ్జీలకు, చిప్సులకు వర్తించినంతగా దీనికి వర్తింపదు. అంగడిలో దొరకు బంగాళాదుంప చిప్సుల తూకములో సుమారు మూడవవంతు నూనెయే. మన యింట నిజముగా మిగులునది నూనెకంటె మిన్నగా, పొయ్యివద్ద నిలువబడవలసిన కాలము.

గాలిచేత కానివి కొన్ని గలవు. గారెపిండిని నూనెలో వదలినంతనే దాని పైపొర బిగిసి ఆకారము నిలుచును. బుట్టలో అది బిగియుటకు ముందే పరచుకొని, రంధ్రములలోనికి దిగి, తుదకు ఎండిన రొట్టెవంటి దగును. పూరీ పొంగవలెనన్నచో దాని రెండు ముఖములును శీఘ్రముగా గట్టిపడి, నడుమనున్న నీరు ఆవిరియై ఆ రెంటిని విడదీయవలెను. గాలి వేడెక్కించు మందగతిలో ఆ నీరు మెల్లమెల్లగా తప్పించుకొనిపోవును. బియ్యపు వడియములకును ఇదే గతి. అవి ఉబ్బక గట్టిగా మిగిలిపోవును. బొరుగులు వేయించువారు వేడి ఇసుకను ఆశ్రయించుటలోని రహస్యమును ఇదియే: ధాన్యపుగింజను నలువైపుల తాకి క్షణములో వేడి నందించుటకు గాలి చాలదు, ఇసుక చాలును. అప్పడము తేలికయైనది గనుక పైకెగిరి తీగకు తగులును. దానిపై ఇనుపవల యొకటి ఉంచినచో నిప్పుపై కాల్చిన అప్పడమువలె వచ్చును గాని, నూనెలో పొంగిన అప్పడము కాజాలదు. గారెలకు, బూరెలకు, పూరీలకు బాణలిని విడువనక్కరలేదు. పైకి తీసిన పిమ్మట చిల్లులగరిటలో కొంతసేపు నూనె ఓడనిచ్చిన చాలు. వేగుచున్నంతసేపు ఎగజిమ్ము ఆవిరి నూనెను లోనికి రానీయదు. తీసినపిదప లోని ఆవిరి చల్లబడి ఒత్తిడి తగ్గగా, పైనంటిన నూనె లోనికి పీల్చుకొనబడును.

ఆరోగ్యవిషయమున ఒక హెచ్చరిక. పిండిపదార్థములు గల ఆహారమును 120 డిగ్రీలకు మించి వేడిచేయునప్పుడు అక్రిలమైడ్ అను హానికరద్రవ్యము పుట్టునని స్వీడన్ శాస్త్రజ్ఞులు 2002లో ప్రకటించిరి. ఆస్పరాజిన్ అను ఆమైనో ఆమ్లము చక్కెరలతో కలియుటవలన అది పుట్టును. దాని పుట్టుక నూనెపై గాక వేడిపైనను పొడితనముపైనను ఆధారపడినది గనుక, నూనె తగ్గినంతమాత్రమున ఇది తొలగదు. బంగాళాదుంప ముక్కలను అరగంట నీటిలో నానవేసి, పైనున్న చక్కెరలను కడిగివేసి, తుడిచి, బంగారువన్నె రాగానే తీసివేయవలెను. దుంపలను ఫ్రిజ్‌లో నిలువచేసినచో వానిలో చక్కెరలు పెరుగును; అట్టివి త్వరగా నల్లబడును.

రెండు బుట్టల పాకమును ఏకకాలమున ముగించు ఏర్పాటు ఈ యంత్రములలో మిక్కిలి ఉపయోగకరమైనది. ఇరువది నిమిషములు పట్టు దుంపలు ముందుగా మొదలై, పండ్రెండు నిమిషములు చాలు చేపముక్కలు ఎనిమిది నిమిషముల పిదప మొదలై, రెండును ఒక్కసారిగా వేడివేడిగా దిగును. కారము తక్కువ తిను పిల్లలకు, పెద్దలకు ఒక బుట్టను, తక్కినవారికి మరియొక బుట్టను కేటాయించవచ్చును. కార్తికమాసమున ఇంటిలో కొందరు మాంసము మానినప్పుడు శాకమునకు ఒక బుట్టను ప్రత్యేకించుటయు సాధ్యమే; అయితే మాంసపు కొవ్వు చిందులు పైనున్న తీగకంటి తరువాతి వంటలో పొగయై వాసన నిచ్చును గనుక, బుట్టతోపాటు, విద్యుత్తు తొలగించి యంత్రము పూర్తిగా చల్లారిన పిదప, ఆ పైభాగమునుకూడ తడిగుడ్డతో తుడువవలెను.