నర్సుల పరీక్ష: తీరు మారినా మాట మారదు

అమెరికాలో నర్సు లైసెన్సు కోసం మన పిల్లలు రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష తీరు 2023 ఏప్రిల్ 1 నుండి మారింది. ఒక రోగి పరిస్థితిని వివరించి, దానిపై ఆరు ప్రశ్నలు అడిగే పద్ధతి వచ్చింది.

కొత్త పద్ధతి అనగానే, ముందు రాసినవారిని ప్రశ్నలు అడగాలనిపిస్తుంది. కాని చూసిన ప్రశ్నలు బయటపెట్టబోమని ప్రతి అభ్యర్థీ ఒప్పుకోవాలి. పరీక్ష ముగిశాక కూడా ఆ మాటకు కట్టుబడాలి. తప్పితే ఫలితం రద్దు కావచ్చు.

పద్ధతి తెలుసుకోవడం తప్పు కాదు. నమూనా ప్రశ్నలను పరీక్ష సంస్థే అందరికీ ఉచితంగా చూపిస్తుంది. అసలు ప్రశ్నలు కొందరికే తెలిస్తే మాత్రం కష్టపడి చదివినవారికి అన్యాయం, రేపు ఆ నర్సు చేతిలో పడే రోగికి ప్రమాదం.

పెద్దలారా, పరీక్ష రాసి వచ్చిన అమ్మాయిని "ఏమి వచ్చాయి?" అని అడగకండి. "ఎలా చదివావు?" అని అడగండి.