గాలి పోసిన నేల

సముద్రం పక్కనే తియ్యటి నీళ్లు... బాపట్ల తీరపు ఇసుక చేల కథ

మే నెల మిట్టమధ్యాహ్నం చీరాల దగ్గర ఇసుక చేలో చెప్పుల్లేకుండా పది అడుగులు వేయడం ఎవరివల్లా కాదు. గాలిలో 40 డిగ్రీల వేడి ఉన్న రోజున ఇసుక పైపొర 60 డిగ్రీల దాకా కాగిపోతుంది. అదే ఇసుకను మోచేతి లోతు తవ్వి చూడండి. చాలాచోట్ల చల్లగా, తడితడిగా తగులుతుంది. ఇంకో మనిషి లోతు దిగితే నీళ్లే! అవీ ఉప్పునీళ్లు కావు. కూతవేటు దూరంలో సముద్రం హోరుమంటున్నా, ఇక్కడ ఊరేది నిక్షేపంగా తాగే నీళ్లు.

బాపట్ల, చీరాల, వేటపాలెం, చినగంజాం... 2022లో కొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లాలో తీరం వెంట సాగే ఈ ఇసుక పట్టీని తెలియనివాళ్లు బీడు అనుకుంటారు. కాస్త పడమరకు వెళితే కృష్ణా పశ్చిమ డెల్టా నల్లరేగడి, దాని నిండా వరి. ఆ నేలను నీళ్లు తెచ్చిపోశాయి. ఈ నేలను పోసింది మాత్రం గాలి.

జల్లెడ పట్టినట్టు

నిజానికి మొదటి కూలీ నదే. కొండల్లో అరిగిన రాతిని రేణువులుగా మోసుకొచ్చి సముద్రంలో కలుపుతుంది. అలలు ఆ ఇసుకను ఒడ్డుకు విసిరేస్తాయి. తడి ఆరాక గాలి పని మొదలవుతుంది. మరీ సన్నటి మన్ను దుమ్ముగా ఎగిరి ఎక్కడికో పోతుంది. ముతక రేణువులు కదలవు. ఆ రెండింటికీ మధ్యరకం, అంటే మిల్లీమీటరులో పదోవంతు నుంచి సగం దాకా ఉండేవి మాత్రం నేలమీద గంతులేసుకుంటూ ముందుకు సాగుతాయి. ఒక్కో రేణువూ పైకి లేచి, కిందపడుతూ ఇంకో రేణువును ఎగరగొడుతుంది. ఈ గంతుల లెక్క తేల్చింది రాల్ఫ్ బాగ్నోల్డ్ అనే బ్రిటిష్ సైనికాధికారి. ఈజిప్టు, లిబియా ఎడారుల్లో కారు వేసుకు తిరిగి, ఆనక గాలిసొరంగం కట్టి పరీక్షలు చేసి 1941లో పుస్తకమే రాశాడు.

గాలి ఇలా జల్లెడ పట్టడం వల్లే దిబ్బ ఇసుకలో రేణువులన్నీ దాదాపు ఒకే సైజులో ఉంటాయి. బంకమన్ను లేశమాత్రం. ఇంట్లో పిల్లలు కూడా చేయగల పరీక్ష ఒకటుంది. పిడికెడు మట్టిని తడిపి ఉండ చేయాలి. రేగడి అయితే ఉండను వేళ్ల మధ్య రిబ్బనులా సాగదీయొచ్చు. దిబ్బ ఇసుక ఉండ కట్టినట్టే కట్టి, వేలు తగలగానే విడిపోతుంది.

డెల్టాలో తీరానికి సమాంతరంగా ఇలాంటి ఇసుక మెరకలు లోపలికి కూడా కనిపిస్తాయి. సముద్రం ఒకప్పుడు అక్కడిదాకా ఉండేదనడానికి అవే గుర్తులంటారు భూగర్భ శాస్త్రవేత్తలు. చుట్టూ వరి మాగాణి, మధ్యలో పొడుగాటి మెరక మీద తాటిచెట్లూ ఇళ్లూ... అలాంటి ఊళ్లలో కాలికింద ఉన్నది పాత సముద్రపు ఒడ్డే కావచ్చు.

చేతిలో నిలవని సొమ్ము

ఈ నేల గుణం ఒక్కటే: ఏదిచ్చినా పుచ్చుకుంటుంది, ఏదీ దాచుకోదు. గంటలో 30 మిల్లీమీటర్లకు మించి కురిసిన వానను కూడా గటగటా తాగేస్తుంది. బంకనేల అదే గంటలో ఐదు మిల్లీమీటర్లు తాగడమే గగనం. అందుకే ఇసుక చేలో కుండపోత పడినా కాసేపటికి నడవొచ్చు, బురద అంటదు. కానీ మీటరు లోతు ఇసుక పైరుకు అందేలా పట్టి ఉంచే నీరు 60 నుంచి 100 మిల్లీమీటర్లు. నల్లరేగడి దానికి రెట్టింపు, ఇంకా ఎక్కువే దాస్తుంది. ఎండాకాలం నాలుగు రోజులు నీరు అందకపోతే ఇసుకలో కూరగాయ మొక్క తలవాల్చేస్తుంది.

ఎరువుల సంగతీ అంతే. ఒకేసారి గుప్పిళ్లకొద్దీ యూరియా చల్లితే మొక్క తినేది తక్కువ, నీళ్లతో కిందికి జారిపోయేది ఎక్కువ. ఆ జారినది ఎక్కడికో పోదు, రేపు తోడుకునే నీళ్లలోకే చేరుతుంది. కాబట్టి కొద్దికొద్దిగా, పలుమార్లు వేయాలి. పశువుల ఎరువు కూడా ఈ వేడికీ గాలికీ తొందరగా కాలిపోతుంది. ఏటా పెంట తోలడం, గొర్రెల మంద కట్టించడం, జనుము చల్లి పూతకు రాగానే దున్నడం, వీలైతే చెరువు మట్టి తోలడం... ఇసుక రైతు పనిలో సగం ఇదే. వేళ్ల మీద బుడిపెలు తెప్పించే నులిపురుగులకు కూడా ఇలాంటి గుల్లనేలే ఇష్టం, అదొక తలనొప్పి.

అలాగని దీన్ని తీసిపారేయడానికి లేదు. వేరుశనగ ఊడ సులువుగా దిగేది, పీకితే కాయ తెగకుండా, మట్టి అంటకుండా వచ్చేదీ ఇక్కడే. ఊడలు దిగే వేళకు కాస్త జిప్సం వేస్తే చాలు, గింజ నిండుతుంది. నారుమళ్లకైతే ఇంతకు మించిన నేల లేదు. పొగాకు, మిరప, వంగ నారు వేరు తెగకుండా చేతికొస్తుంది. వేటపాలెం జీడిపప్పు పేరు వినని తెలుగిల్లు ఉండదు కదా, ఆ జీడిమామిడి చెట్టుకూ ఇసుకంటే పేచీ లేదు.

దొరువులో తేలే నీరు

ఇంతకీ సముద్రం పక్కన మంచినీళ్లు ఎలా వచ్చాయి? ఇసుక తాగిన వాన కిందికి దిగి, అక్కడ ఉన్న ఉప్పునీటి మీద తేలుతుంది. మంచినీరు ఉప్పునీటికంటే తేలిక మరి. పాలమీద మీగడ అనుకోండి. ఈ తేలియాడే లెక్కను 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో ఐరోపా ఇంజినీర్లు ఘైబెన్, హెర్జ్‌బెర్గ్ విడివిడిగా కట్టారు. సముద్రమట్టానికి ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిస్తే, కింద సుమారు 40 అడుగుల మేర ఉప్పునీటిని అది అణిచిపెట్టి ఉంచుతుంది. వినడానికి బాగానే ఉంది. కానీ ఈ లెక్క తిరగబడితేనే చిక్కు. ఎడాపెడా తోడి మంచినీటి మట్టాన్ని ఒక అడుగు దించితే, కింద ఉప్పునీరు కాలక్రమంలో 40 అడుగులు పైకి రాగలదు.

ఈ సూత్రం తెలియకుండానే దానికి తగ్గట్టు నడిచినవి దొరువులు. గరాటు ఆకారంలో, అంచులు ఏటవాలుగా, రెండు మూడు మీటర్ల లోతున తవ్విన గుంటలివి. నిట్టనిలువుగా తవ్వితే ఇసుక నిలవదు, అందుకే ఆ వాలు. రైతు రెండు చేతులా రెండు కుండలతో వాలు వెంట దిగి, ముంచుకుని పైకొచ్చి, మొక్కల మీద వానజల్లులా చిమ్మేవాడు. మళ్లీ దిగేవాడు. పొద్దున్నా సాయంత్రం ఇదే పని. ఎంత కష్టపడినా మనిషి రెక్కలు తోడగలిగింది ఆ పైపైని మీగడే. ఉప్పునీటిని కదిలించేంత బలం కుండకు లేదు.

మోటారుకు ఉంది. దొరువు తవ్వితే చేలో కొంత జాగా పోతుంది, కూలీలూ దొరకరు. బోరు దించి మీట నొక్కితే చాలు అనిపించడంలో రైతు తప్పేమీ లేదు. కాకపోతే లోతుగా దించిన గొట్టం ఒకేచోట గట్టిగా లాగితే, దాని కిందే ఉప్పునీరు శంఖంలా పైకి లేస్తుంది. ఓసారి ఉప్పెక్కిన బోరు మళ్లీ తీపెక్కడానికి ఏళ్లు పట్టొచ్చు.

1945లో మొదలైన బాపట్ల వ్యవసాయ కళాశాల ఉన్న ఊళ్లోనే, ఉప్పునీటి సాగు మీద పనిచేసే శాస్త్రవేత్తలు దీనికి మధ్యేమార్గం చూపారు. లోతుకు పోకుండా అడ్డంగా పోవడమే ఆ కిటుకు. చిల్లుల పీవీసీ గొట్టాలకు నైలాన్ వల చుట్టి, నీటిమట్టానికి కాస్త కింద అడ్డంగా పాతిపెడతారు. నాలుగు వైపులా నీరు నెమ్మదిగా వాటిలోకి ఊరి, మధ్యలో సిమెంటు ఒరల బావికి చేరుతుంది. చిన్న మోటారుతో తోడి తుంపర్ల ద్వారానో బొట్టుబొట్టుగానో పారిస్తారు. పైన నేల వృథా కాదు, కింద ఉప్పునీరు లేవదు. ఒక రకంగా ఇది భూమిలో పాతిన దొరువే.

గాలికి అడ్డుకట్ట

పోసిన గాలే ఎత్తుకుపోగలదు కూడా. అనంతపురం జిల్లా కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల రైతులకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. అక్కడ సముద్రం లేదు. ఎండిన వేదవతి నది, అదే హగరి, ఇసుకను పడమటి గాలి ఎత్తి తూర్పు గట్టు పొలాల మీద పోస్తుంటుంది. బాపట్లలో అన్నం పెట్టే సరుకే అక్కడ పైరును పూడుస్తుంది.

తీరంలో ఈ గాలిని పట్టి ఉంచుతున్నది సరుగుడు. 19వ శతాబ్దంలో మద్రాసు తీరంలో కట్టె కోసం నాటడం మొదలైన ఈ చెట్టు, వేళ్లలో ఉండే సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని తనే వండుకుంటుంది. కాబట్టి పస లేని ఇసుకలోనూ పెరుగుతుంది. దివిసీమను ముంచిన 1977 నవంబరు ఉప్పెన తర్వాత దీని విలువ అందరికీ తెలిసొచ్చింది. ఇప్పుడు కాగితం మిల్లులకు అమ్ముడయ్యే పంట కూడా కావడంతో నాలుగైదేళ్లకే నరికేస్తున్నారు. మళ్లీ నాటి, తోట ఎదిగేదాకా వెనకున్న కూరగాయ మడికి తాటాకు దడే దిక్కు.

ఇక దిబ్బలనే చదును చేసి ఇసుక అమ్ముకోవడం, వాటి పక్కనే రొయ్యల చెరువులు తవ్వి ఉప్పునీరు నిలపడం మరో ఎత్తు. తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు 2011లోనూ, 2019లోనూ ఇసుక దిబ్బలను అత్యంత కాపాడుకోవాల్సిన వర్గంలో చేర్చాయి. కాగితం మీది ఆ గీత ఎక్కడుందో పొక్లెయినుకు తెలియదు. దిబ్బ పోతే పోయేది ఇసుక ఒక్కటే కాదు, వాననీరు నిలవాల్సిన ఎత్తు కూడా. పైన అడుగు తగ్గితే కింద 40 అడుగుల లెక్క మళ్లీ మొదలు.

ఉప్పు పైకొస్తోందని ముందుగా చెప్పేది చిక్కుడు పాదే. మిగతా పైర్లు పచ్చగా ఉండగానే దాని ఆకుల అంచులు మాడినట్టు ఎండుతాయి. అది కనిపించగానే మోటారు కట్టేసి, రెండు మూడు రోజులు నీటిని ఊరనిచ్చి, మళ్లీ తోడేముందు గుక్కెడు నోట్లో పోసుకుని చూసే రైతులు ఈ తీరంలో ఉన్నారు.