కొండలే పాఠశాల

అరకులోయనుండి గోదావరి గట్లవరకు వ్యాపించిన తూర్పు కనుమలలో పలు తెగల గిరిజనులు నివసించుచున్నారు. వారి జీవితమును గ్రంథములవలన మాత్రమే తెలిసికొనుట సాధ్యము కాదు.

వియన్నా నగరమున 1909లో జన్మించిన హైమన్‌డార్ఫ్ ఈ సత్యమును గ్రహించెను. రెండవ ప్రపంచయుద్ధము ఆరంభమగుటచే హైదరాబాదు సంస్థానమున నిలిచిపోయిన ఆయన, భార్య బెట్టీతో గూడి అడవిబాట పట్టెను. పాపికొండల ప్రాంతమున కొండరెడ్ల నడుమ మసలెను. వారు పోడు కొట్టి జొన్న పండించుట, జీలుగు చెట్టునుండి కల్లు దీయుట, తిండి కఱవైనపుడు మామిడి టెంకలలోని జీడిని పిండి చేసి తినుట మున్నగునవి స్వయముగా పరిశీలించెను.

వారితో మెలగుటవలననే మఱియొక సంగతి ఆయనకు తెలిసెను. కలప వర్తకుల యప్పులలో చిక్కి, వారు తమ యడవిలోనే కూలీలై బాధపడుచుండిరి. ఆయన ఆ దుఃస్థితిని ప్రభుత్వమునకు తెలియజేసెను. 1945లో కొండరెడ్లను గూర్చిన గ్రంథమును ప్రకటించెను.

నేడు అరకులోయకు పోవు విద్యార్థులు ధింసా నృత్యమును చూచి మరలివచ్చుటతోనే తృప్తి చెందరాదు. ఆడువారి సరసన గూర్చుండి, వారి మాట విని, వారి కష్టసుఖముల నెఱుగుటయే నిజమైన విద్య.