అడుగున్నర వెడల్పు దారి

నా చెల్లెలు నాకొక పని యప్పగించి అమెరికాకు సాగనంపినది. ఆమె కుమారుడు డెన్వరు నగరమున ఇంజనీరు. సెలవు దొరికిన చాలు, మోటారుసైకిలు వేసికొని కొండలలోనికి పోవును. "నీ మాటంటే వాడికి గురి అన్నయ్యా, ఎలాగైనా మాన్పించి రా" అని ఆమె విమానాశ్రయమున ముమ్మారు చెప్పినది. ముప్పది యేండ్లుగా పాఠములు చెప్పువానికి ఒక కుర్రవానిని ఒప్పించుట ఎంత పని యనుకొని నేనును సరేనంటిని. ఇది 2023 జూలై నాటి మాట.

ఆ బండి సంగతి ముందుగా పాఠకులకు చెప్పవలెను. మన వీధులలో తిరుగు మోటారుసైకిలు వేరు, ఇది వేరు. దీనికి వెనుక మరియొకరు కూర్చుండుటకు చోటు లేదు. సీటు నడుమెత్తున నుండును. టైర్లకు రబ్బరు దిమ్మలు పళ్లవలె పొడుచుకొని వచ్చియుండును. బరువు సుమారు నూటపది కిలోలు. దీనిని డర్ట్ బైకు అందురు. ఇది పోవు దారిని సింగిల్ ట్రాక్ అందురు. అనగా ఒక్క చక్రము పట్టు బాట. మన పొలముగట్టు ఎంత యుండునో అంతే, అడుగో అడుగున్నరయో వెడల్పు. ఒకవైపు కొండ, మరియొకవైపు లోయ. ఎదురుగా మనిషి వచ్చినచో ఇద్దరిలో ఒకరు ఆగి తీరవలెను.

నేను వెళ్లిననాటి రాత్రియే ప్రసంగము నెత్తుకొంటిని. అతడు శ్రద్ధగా వినెను. విని, బల్లమీదినుండి నాలుగు పుటల కాగితము తెచ్చి నా చేతిలో పెట్టెను. "మామయ్యా, మీరు వద్దంటే వెళ్లను. కాని ఇది చదివి వద్దనండి" అనెను. వాదించుటకు సిద్ధపడి వెళ్లినవానికి తీర్పు చెప్పు బాధ్యత వచ్చిపడినది. రెండు సాయంకాలములు ఆ కాగితముతోనే గడచినవి.

అది యాత్రాప్రణాళిక. తిరుగుట ఒక్క పూటయే. దానికి సిద్ధమగుట మూడు వారములు. పోదలచినది కొలరాడో రాష్ట్రమున సలీడా యను చిన్న పట్టణమునకు దాపున నున్న కొండలలోనికి. అచట రెయిన్బో ట్రెయిల్ అను పేరుగల కాలిబాట సాంగ్రె డి క్రిస్టో పర్వతముల వెంబడి సుమారు నూరు మైళ్లు పోవుచున్నది. దాని పడమటి కొసను పట్టుకొని, సిల్వర్ క్రీక్ అను సెలయేటి లోయ వెంట పైకెక్కి, శిఖరరేఖ వెంబడి మార్షల్ కనుమను చేరవలెనని సంకల్పము. మొత్తము ముప్పది కిలోమీటర్లు మాత్రమే. దానికి ఐదు గంటలు కేటాయించియుండుట చూచి మొదట నవ్వుకొంటిని. పిదప నవ్వలేదు.

కాగితమున మొదటి విషయము పటము. 2005 నాటి నియమము ననుసరించి అమెరికా అటవీశాఖవారు ఏ దారిన ఏ వాహనము, ఏ మాసములలో పోవచ్చునో తెలుపు పటములను ప్రకటించుచుందురు. పటమునకెక్కని దారి నేలమీద ఎంత స్పష్టముగా కనబడినను మోటారుబండికి లేనట్లే లెక్క. ఈ కట్టుబాటుకు మూలము 1972లో అధ్యక్షుడు నిక్సన్ జారీచేసిన ఉత్తరువు. అంతకు ముందే, 1964 నాటి చట్టముక్రింద, కొన్ని యరణ్యములను మానవుని యంత్రములు చొరరాని చోట్లుగా ప్రత్యేకించుట మొదలైనది. వాటిలోనికి మోటారుబండి మాట యటుంచి తొక్కుడు సైకిలును పోరాదు. సాంగ్రె డి క్రిస్టో శిఖరములకు 1993లో ఆ రక్షణ లభించినది. రెయిన్బో బాట ఆ హద్దుకు దిగువగా పోవుటచేతనే దానిపై బండ్లకు అనుమతి మిగిలినది.

ఆ పటము చిత్రముగా నుండును. నలుపు తెలుపు గీతలే గాని ఎత్తుపల్లములు చూపదు. కాబట్టి దాని ప్రక్కనే కాంటూరు రేఖల పటము పెట్టుకొని చదువుకొనవలెను. నా వృత్తి అలవాటున, మొదటిది మూలమనియు రెండవది వ్యాఖ్యానమనియు అనుకొంటిని. రేఖలు విరళముగా నున్నచోట దారి సాపు, ఒకదానినొకటి ఒరసికొన్నచోట నిట్టనిలువు. మేనల్లుడు అట్టి చోట్ల నన్నిటిని ఎఱ్ఱసిరాతో చుట్టి, ఏ మలుపున బండి దిగి నడపవలెనో గుర్తించుకొన్నాడు. పద్యమున అన్వయక్లేశము ఎచట వచ్చునో ముందుగా చూచుకొని తరగతికి పోవు ఉపాధ్యాయులెందరు?

మార్షల్ కనుమ పేరు వెనుక ఒక కథ కలదు. 1873లో ఆ ప్రాంతములను సర్వే చేయుచున్న లెఫ్టినెంటు మార్షల్ అను సైనికోద్యోగికి పంటినొప్పి పట్టుకొన్నదట. డెన్వరులోని దంతవైద్యుని త్వరగా చేరుటకు అడ్డుదారి వెదకుచు ఈ కనుమను దాటెనని చెప్పుదురు. 1881లో ఆ దారినే సన్నపట్టాల రైలు నడచినది. 1950లలో పట్టాలు పెరికివేసిరి. ఇప్పుడు కంకరరోడ్డు, కారు పోవును. పంటినొప్పితో బయలుదేరినవాడు నాలుగు పుటల ప్రణాళిక వ్రాసికొని యుండడు.

ఆ కనుమ ఎత్తు 10,842 అడుగులు. పదకొండువేల అడుగుల యెత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టమున నున్నదానిలో మూడింట రెండు వంతులే. గాలి పలుచబడినకొలది కార్బ్యురేటరులోనికి వచ్చు పెట్రోలు పాలు ఎక్కువై, ప్లగ్గు నల్లబారి, ఇంజను నీరసించును. అందుచేత పెట్రోలు పోవు జెట్టును తీసి సన్నరంధ్రము గలదానిని బిగింపవలెను. క్రొత్త బండ్లలో ఇంజెక్షను పద్ధతి ఈ లెక్కను తానే చూచుకొనును. మనిషికి మాత్రము అట్టి సౌకర్యము లేదు. రెండు రోజులు ముందుగా సలీడా చేరి, ఆ ఏడువేల అడుగుల గాలికి అలవాటుపడవలెనని కాగితమున నున్నది. మేడమెట్లు ఎక్కి ఆయాసపడిన నేను ఆ వాక్యమును రెండవమారు చదువ నక్కరలేకపోయినది.

పనిముట్ల జాబితాను క్లుప్తముగా చెప్పెదను. చైను లింకు, ప్లగ్గు, ట్యూబు, గాలిపంపు, క్లచ్చి పిడి, మడత రంపము, మనిషికి మూడు లీటర్ల నీరు. చక్రములలో గాలి మరీ తగ్గించినచో పట్టు బాగుండును గాని రాయి తగిలి ట్యూబు చిట్లును. ఆ రెంటి నడుమ తూకము చూచుకొనవలెను. పెట్రోలు లెక్క అన్నిటికంటె ఎక్కువ త్రాగు బండినిబట్టి వేయవలెను. పొగగొట్టమున నిప్పురవ్వలు బయటపడకుండ జల్లెడ వంటి అమరిక తప్పనిసరి. ఆ రాష్ట్రమున 1998 తరువాత తయారైన బండి చప్పుడు 96 డెసిబెల్సు మించరాదు. రంపమెందుకని యడిగితిని. 2019లో సలీడాకు దక్షిణమున డెక్కర్ దావానలము చెలరేగి కొండలు కాలినవట; కాలి నిలిచిన చెట్లు ఏండ్ల తరబడి ఒక్కొక్కటిగా దారికి అడ్డము పడుచుండును.

దారిమర్యాద వేరుగా నొక పుట. మోటారుబండి అందరికంటె తక్కువది. నడచువారికి, సైకిలువారికి, గుఱ్ఱపువారికి అది ఆగి దారి ఇయ్యవలెను. గుఱ్ఱము కనబడినచో ఇంజను ఆపి, హెల్మెట్టు తీసి, మనిషి గొంతు వినిపింపవలెను. గుఱ్ఱము అపుడు బెదరదు. బురదగుంట వచ్చినచో ప్రక్కనున్న పచ్చికమీదికి తిరుగరాదు, నడుమనుండియే పోవలెను. పదిమంది ప్రక్కలకు తిరిగినచో అడుగున్నర దారి ఆరడుగులగును. ఆ మీదట అది వారు కోరివచ్చిన బాట కాదు.

మనుష్యుల సంగతి. ముగ్గురికి తక్కువ కాకూడదు. ఒకడు పడినచో ఒకడు దగ్గరనుండును, ఒకడు సహాయమునకై పోవును. మేనల్లుడొకడు, సలీడావాసి, గణితము బోధించి విశ్రాంతి తీసికొన్న ఉపాధ్యాయుడొకరు, మూడవవాడు గుంటూరునుండి వచ్చిన యువకుడు, బండి కొని నాలుగు నెలలైనది. నా కన్ను ఆ మూడవ పేరుమీదనే నిలిచినది. అతనికిని ఒక తల్లి ఉండును గదా.

ఇక కాలము. కొలరాడో కొండలలో జూలై ఆగస్టులందు ఉదయము నిర్మలముగా నుండి, మధ్యాహ్నమునకు మబ్బులు కట్టి పిడుగులు పడుట సామాన్యము. శిఖరరేఖమీద చెట్లు పలుచబడి పచ్చికబయళ్లు వచ్చును. అచట పిడుగుకు అందరికంటె ఎత్తైనది మనిషి. మన పెద్దలు వర్జ్యము, దుర్ముహూర్తము చూచి, ప్రస్థానము పెట్టి బయలుదేరెడివారు. ఇతని పంచాంగము వేరు. కాగితము చివర ఒక వాక్యమున్నది, క్రింద రెండు గీతలు: "పదకొండున్నరలోగా శిఖరరేఖమీది కూడలి చేరకపోతే, ఎంత దగ్గరికి వచ్చినా వెనక్కు."

ఆ వాక్యమును చూచియే నేను వెళ్లుమంటిని. చెల్లెలికి ఆ రాత్రి ఫోను చేయలేదు.

శనివారము ఉదయము ఏడు గంటలకు, 285 నంబరు రాజమార్గమును ఆ బాట దాటుచోట ముగ్గురును బయలుదేరిరి. మేనల్లుని భార్య నన్ను కారులో నెక్కించుకొని కంకరరోడ్డున మార్షల్ కనుమకు తీసికొనిపోయినది. అచట సెల్‌ఫోను పలుకదు. ఉపగ్రహముద్వారా సందేశము పంపు చిన్న యంత్రము అతనియొద్ద నొకటి, ఈమెయొద్ద నొకటి. సాయంకాలము ఆరు గంటలలోగా సమాచారము లేనిచో ఆ జిల్లా షెరీఫుకు తెలుపవలెను. కొండలలో తప్పిపోయినవారిని వెదకించు బాధ్యత ఆ రాష్ట్రమున షెరీఫులదే. అదియు కాగితమున నున్నది. ఆమె దానిని మడిచి కారు అద్దమునకు దోపినది.

పదకొండున్నర అయినది. బాట కొసయందు ఎవరును లేరు. పన్నెండు. పడమట తెల్లమబ్బులు గోపురములవలె లేచి అడుగున నల్లబడుచున్నవి. ఆ అమ్మాయి థర్మాసులోని కాఫీ నాకు పోసి, తాను త్రాగుట మరచినది. నేను లెక్క వేయుచుంటిని. కూడలినుండి ఈ కనుమకు ఆరు కిలోమీటర్లు, వెనుకకు ఇరువదినాలుగు. అంత దగ్గరకు వచ్చినవాడు, అలసినవాడు, ముందర భార్య కారుతో నిలిచియుండగా, వెనుకకు తిరుగునా? నా విద్యార్థులలో ఎందరు తిరుగుదురు? ఆ వయస్సున నేను తిరిగియుందునా? ఆ కాగితమునకు ఆమోదముద్ర వేసినవాడను నేను. ఆ రెండు గీతలు కాగితముమీద గీయుట తేలిక.

పన్నెండు దాటి పదునెనిమిది నిమిషములకు యంత్రము చిన్నగా మ్రోగినది. తెరమీద రెండే మాటలు: "వెనక్కు. క్షేమం."

మేము దిగివచ్చుచుండగనే శిఖరముమీద మొదటి ఉరుము వినబడినది. ఆ మీదట వడగండ్లు. నాలుగున్నర దాటిన తరువాత ముగ్గురును బురదముద్దలై రాజమార్గము చేరిరి. గుంటూరు కుర్రవాని మోచేయి గీరుకొనిపోయినది. అంతకు మించి దెబ్బలు లేవు.

జరిగినది ఇది. సిల్వర్ క్రీక్ ఎక్కుడులో కుర్రవాడు రాళ్లమీద పడగా క్లచ్చి పిడి విరిగినది. తెచ్చినదానిని బిగించుటకు అరగంట పట్టినది. రెండుచోట్ల చెట్లు కోయవలసివచ్చినది. వీటికంటె ఎక్కువగా కాలము మ్రింగినది మర్యాద. ఆ దారిని పైనుండి క్రిందికి సైకిళ్లపై దిగువారు మిక్కుటముగా నుందురు. వారు గుంపులుగా ఎదురు వచ్చుచుండగా వీరు ప్రతిమారును ఆగి ప్రక్కకు ఒదిగిరి. కూడలికి చేరునప్పటికి పన్నెండు దాటినది. మేనల్లుడు ఆకసమువంక చూచి, పోవచ్చునేమో యనెనట. దాచక తానే చెప్పెను. గణితోపాధ్యాయుడు ఏమియు అనక, తన బండిని క్రిందివైపునకు త్రిప్పి నిలిపెనట.

ఆ రాత్రి భోజనమైన తరువాత మరల కాగితము బల్లమీదికి వచ్చినది. ఎక్కుట దిగుటకంటె క్రొత్తవానికి సులువనుకొని దిగువనుండి బయలుదేరుటయే పొరపాటని తేల్చిరి. ప్రమాదకరమైన శిఖరరేఖను మధ్యాహ్నమునకు మిగుల్చుకొన్నారు. జనప్రవాహమునకు ఎదురు పోయినారు. రానున్న ఆదివారము మార్షల్ కనుమనుండియే ఉదయము ఆరు గంటలకు బయలుదేరి, ఎండ ముదరకముందే శిఖరరేఖ దాటి, పిదప లోయలోనికి దిగవలెను. కుర్రవానికి దిగుట నేర్పుటకై నడుమ ఒక దినము చిన్న కొండమీద అభ్యాసము. క్లచ్చి పిడులు రెండు. క్రింద రెండు గీతలున్న వాక్యమును మాత్రము ఎవరును ముట్టలేదు.

మరునాడు చెల్లెలికి ఫోను చేసి, దాచక అంతయు చెప్పితిని. చాలసేపు ఆమె మాటాడలేదు.

"అయితే మళ్లీ వెళ్తాడా?"

"ఆదివారం వెళ్తాడమ్మా."

"ఎన్నింటికి తిరిగొస్తాడు?"

కాగితము తీసి, గంటలు నిమిషములతో సహా చదివి వినిపించితిని. ఒక్క నిమిషమాగుమని, ఆమె కలము తెచ్చుకొని వ్రాసికొన్నది.