మత్తడి దుంకితేనే ఏరు

పాకాల ఏటికి అసలు ప్రాణం చెరువు మత్తడి. వరంగల్ జిల్లా ఖానాపురం మండలంలోని పాకాల చెరువు నిండి అలుగు పారితే, ఆ నీరు మహబూబాబాద్ జిల్లాలోకి దిగి గూడూరు మీదుగా గార్ల వైపు సాగుతుంది. దారిలో గుట్టల వాగులను కలుపుకొని, ఖమ్మం చేరేసరికి మున్నేరు అనిపించుకుంటుంది. ఎండాకాలంలో చాలాచోట్ల ఇసుక, బండలు, అక్కడక్కడ మడుగులు తప్ప ఇందులో ఏమీ కనిపించదు. ఏడాదిలో నాలుగైదు నెలలే దీని వైభవం.

కాకతీయ గణపతిదేవుడి కాలంలో, 1213 ప్రాంతంలో, జగదళ ముమ్మడి ఈ చెరువును కట్టించాడు. గుట్టల మధ్య సందును కట్టతో మూసి, అడవి నీటినంతటినీ ఆపిన పని అది. నిండినప్పుడు చెరువు దాదాపు 30 చదరపు కిలోమీటర్లు పరుచుకుంటుంది. కట్ట మీద నడక, పడవ షికారు, మత్తడి దగ్గర స్నానాలు వానాకాలపు ఆదివారాల్లో జనాన్ని రప్పిస్తాయి. చుట్టూ ఉన్నది 1952లో ఏర్పడిన అభయారణ్యం. చెరువులో మొసళ్లున్నాయి కాబట్టి ఒడ్డున గంతులు వేసే ముందు ఆ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

ఈ గుట్టల పేరు భూగర్భ శాస్త్రానికీ ఎక్కింది. 19వ శతాబ్దంలో గోదావరి లోయను పరిశీలించిన విలియం కింగ్ ఇక్కడి పురాతన శిలల వరుసకు పాకాల పేరే పెట్టాడు. వాటి వయసు వంద కోట్ల ఏళ్ల పైమాటే. గట్టి ఇసుకరాయి పొరలు, మెత్తని పలకరాయి పొరలు ఒకదానిపై ఒకటి పేరుకున్న శిలలివి. నీరు మెత్తని పొరను తొందరగా కోస్తుంది, గట్టి పొర మెట్టులా నిలబడుతుంది. ఇలాంటి నేలలో వాగు దూకడానికి తావులు వాటంతటవే ఏర్పడతాయి.

గూడూరు మండలం సీతానగరం దగ్గరి భీమునిపాదం జలపాతం ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిన తావు. సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి నీరు జారుతుంది. వనవాసంలో భీముడు మోపిన పాదముద్ర ఇక్కడుందని స్థానికుల నమ్మకం. ధార ఉధృతంగా ఉండదు, సన్నగా పాయలుపాయలుగా పడుతుంది. కిందికి వెళ్లి తడవడానికి వీలుండటంతో పిల్లాపాపలతో వచ్చే కుటుంబాలే ఎక్కువ.

ఏడుబావుల జలపాతం దారి వేరు. బయ్యారం, గంగారం మండలాల సరిహద్దు అడవిలో, గుట్ట మీద నుంచి నీరు అంచెలంచెలుగా దూకుతూ రాతిలో మడుగులను తొలిచింది. జనం వాటినే బావులన్నారు. వాహనం దిగి రాళ్ల మీద నడిచి, వాగు దాటి, గుట్ట ఎక్కాలి. దారి తెలిసిన కోయగూడేల వాళ్లు తోడుంటేనే నయం. పాచిపట్టిన బండలు, లోతు తెలియని మడుగులు ప్రాణాలు తీసిన సందర్భాలున్నాయి, అందుకే అధికారులు సందర్శకులను ఆపుతుంటారు. ఇక్కడికి కాటేజీల కన్నా ముందు కావలసింది ఈల పట్టుకొని నిలబడే ఒక కాపలాదారు.

బయ్యారం పెద్దచెరువు కాకతీయుల చరిత్రకే ఆధారం. గణపతిదేవుడి సోదరి మైలాంబ దీన్ని తవ్వించి ధర్మకీర్తి సముద్రమని పేరు పెట్టింది. ఆమె వేయించిన శాసనమే కాకతీయుల వంశక్రమాన్ని మూలపురుషుడు వెన్నడి నుంచి చెబుతుంది. చెరువు అలుగు పోస్తుంటే చూడటానికి వచ్చేవారిలో ఎందరికి ఈ సంగతి తెలుసో!

గార్ల దగ్గర ఏరు వెడల్పవుతుంది. చెక్‌డ్యాం మీద నుంచి నీరు పొంగితే ఊరికి అది వేడుక, అవతలి గట్టున ఉన్న రాంపురం వైపు వెళ్లాల్సిన వాళ్లకు తిప్పలు.

గుట్టల కింది వాగులకు ఓ స్వభావం ఉంది: వాన ఎక్కడో అడవిలో కురుస్తుంది, కింద ఎండ కాస్తుండగానే నీరు వచ్చిపడుతుంది. 2023 జులై 27న భూపాలపల్లి జిల్లాలో, గోదావరి వైపు పారే మోరంచవాగు మోరంచపల్లిని ముంచెత్తింది. ఊరివాళ్లను పడవలతో, హెలికాప్టర్లతో బయటికి తేవాల్సి వచ్చింది. అదే సమయంలో చిట్యాలలో ఒక్క రోజులో 60 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. 2024 సెప్టెంబర్ 1న వంతు మహబూబాబాద్‌ది. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయింది, మరిపెడ మండలంలో ఆకేరు వాగు వంతెన మీదుగా పొర్లింది, ఖమ్మంలో మున్నేరు 36 అడుగులకు చేరింది.

ఆ ఆకేరు ఖమ్మం జిల్లా తీర్థాల దగ్గర మున్నేరులో కలుస్తుంది. బుగ్గవాగుకూ అదే సంగమం. సంగమేశ్వరుడి గుడి దగ్గర శివరాత్రికి జాతర జరుగుతుంది, అప్పటికి నీరు మోకాలి లోతుకు తగ్గి ఉంటుంది. అక్కడి నుంచి మున్నేరు ఆంధ్రప్రదేశ్‌లోకి దాటి, నందిగామ ప్రాంతం మీదుగా వెళ్లి కృష్ణలో కలుస్తుంది.