వేడిని తోడే యంత్రం

"నీరు పల్లమెరుగు" అన్నది మన పెద్దల మాట. వేడి స్వభావమూ అంతే. ఎక్కువ ఉష్ణోగ్రత ఉన్న చోటి నుంచి తక్కువ ఉష్ణోగ్రత ఉన్న చోటికి అది తనంతట తానే ప్రవహిస్తుంది. ఎదురుదిశలో మాత్రం తనంతట తాను ఎన్నడూ పోదు. పొయ్యి మీద నుంచి దించిన పాలు చల్లారుతాయి గాని, చల్లారిన పాలు గాలిలోని వేడిని గ్రహించి తిరిగి మరగవు. అయితే పల్లంలోని నీటిని ఏతంతోనో మోటతోనో తోడి మెరక పొలాన్ని తడిపినట్లే, తక్కువ ఉష్ణోగ్రత వద్ద ఉన్న వేడిని కూడా యంత్రసహాయంతో ఎక్కువ ఉష్ణోగ్రతకు చేర్చవచ్చు. ఆ పని చేసే యంత్రమే హీట్ పంపు. ఇంటి ఈతకొలనులోని నీటిని వెచ్చబరచడానికి ఈ యంత్రాన్ని ఎలా అమరుస్తారో, అందులో పాటించవలసిన జాగ్రత్తలేమిటో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఈ యంత్రానికి మూలమైన ఆలోచన పాతదే. ఫ్రాన్స్ దేశపు ఇంజనీరు సాదీ కార్నో 1824లో వేడికీ పనికీ గల సంబంధాన్ని వివరించే గ్రంథాన్ని ప్రచురించాడు. తరువాతి కాలంలో లార్డ్ కెల్విన్‌గా ప్రసిద్ధుడైన విలియం థామ్సన్, బయటి గాలిలోని వేడిని యంత్రంతో గ్రహించి భవనాలను వెచ్చబరచవచ్చునని 1852లో ప్రతిపాదించాడు. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్ నగరంలో 1938 నాటికి పురభవనాన్ని నదీజలాల్లోని వేడితో వెచ్చబరిచారు.

హీట్ పంపు పనిచేసే విధానం మన ఇళ్లలోని రిఫ్రిజిరేటరు పద్ధతి వంటిదే. యంత్రంలోని గొట్టాల్లో ఒక శీతలీకరణ ద్రవ్యం తిరుగుతూ ఉంటుంది. నేడు విరివిగా వాడుతున్న ఆర్-32 అనే ద్రవ్యం సాధారణ వాతావరణ పీడనం వద్ద మైనస్ 52 డిగ్రీల సెల్సియస్ సమీపంలోనే మరుగుతుంది. కాబట్టి మనకు చల్లగా తోచే 15 డిగ్రీల గాలి కూడా దానికి వేడి పొయ్యి వంటిదే. ఫ్యాను లాగిన గాలి నుంచి వేడిని గ్రహించి ఆ ద్రవ్యం వాయువుగా మారుతుంది. కంప్రెసర్ ఆ వాయువును అదిమిపెట్టగానే దాని ఉష్ణోగ్రత పెరుగుతుంది. ఆ వేడిని కొలను నీటికి అప్పగించి, అది మళ్లీ ద్రవమవుతుంది. తరువాత సన్నని మార్గం గుండా పోతూ పీడనాన్ని కోల్పోయి చల్లబడి, తిరిగి గాలిలోని వేడిని అందుకోవడానికి సిద్ధమవుతుంది.

ఇందులో విద్యుత్తు చేసే పని ప్రధానంగా వేడిని పుట్టించడం కాదు, తోడడం. అందువల్ల అనుకూల వాతావరణంలో ఒక యూనిట్ విద్యుత్తుతో సుమారు ఐదు యూనిట్ల వేడి నీటికి చేరుతుంది. ఈ నిష్పత్తినే పనితీరు గుణకం అంటారు. బావి లోతు పెరిగితే తోడేవాని శ్రమ పెరిగినట్లే, బయటి గాలి చల్లబడేకొద్దీ ఈ గుణకం తగ్గిపోతుంది.

ఫ్రాన్స్ దేశంలో ముప్పై లక్షలకు పైగా ఇళ్లలో ఈతకొలనులు ఉన్నాయి. అక్కడ వేసవికి ముందు, వేసవి తరువాత నీరు చల్లగా ఉంటుంది గనుక చాలామంది హీట్ పంపులను అమర్చుకుంటారు. యంత్రాన్ని ఎంచుకునే ముందు కొంత లెక్క తప్పదు. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున 1.25 మీటర్ల లోతు గల కొలనులో 40 వేల లీటర్ల నీరు పడుతుంది. ఆ నీటి ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచడానికి సుమారు 46.5 యూనిట్ల వేడి కావాలి. 18 డిగ్రీల నుంచి 28 డిగ్రీలకు తీసుకురావాలంటే 465 యూనిట్లు అవసరం. గుణకం 5 అయితే విద్యుత్తు ఖర్చు 93 యూనిట్లు మాత్రమే. గంటకు 12 యూనిట్ల వేడినిచ్చే యంత్రానికి ఈ పని దాదాపు 39 గంటలు పడుతుంది.

ఈ లెక్కలో ఒక ముఖ్యాంశం చేరలేదు. మట్టికుండలోని నీరు వేసవిలో చల్లగా ఉండటానికి కారణం బాష్పీభవనమని మనకు తెలుసు. ఆవిరయ్యే నీరు తనతో పాటు వేడిని తీసుకొనిపోతుంది. కొలను కూడా పైకప్పు లేని పెద్ద కుండ వంటిదే. గాలి వీచే రోజున పైన చెప్పిన కొలనులో నీటిమట్టం 5 మిల్లీమీటర్లు తగ్గిందనుకుందాం. అంటే 160 లీటర్ల నీరు ఆవిరైంది. దానితో పాటు పోయిన వేడి సుమారు 108 యూనిట్లు! రెండు డిగ్రీల వెచ్చదనానికి ఇది మించినది. దానిని తిరిగి సంపాదించడానికే అదే యంత్రం తొమ్మిది గంటలు పనిచేయాలి. కనుక వాడని వేళల్లో కొలనుపై కవరు పరచకుండా ఎంత పెద్ద యంత్రాన్ని పెట్టినా అది చిల్లికుండలో నీళ్లు పోయడమే అవుతుంది. యంత్రం కొనడానికి ముందే కవరు కొనడం వివేకం.

ఇక అమరిక విషయానికి వద్దాం. యంత్రాన్ని ఆరుబయట, సమతలమైన గట్టి దిమ్మె మీద నిలపాలి. మూసిన గదిలో పెడితే, తాను వదిలిన చల్లని గాలినే అది మళ్లీ పీల్చుకొని పనితీరును కోల్పోతుంది. ఫ్యాను ఎదుట గోడ గాని, గుబురు చెట్లు గాని ఉండరాదు. ధ్వని ఇబ్బంది కలిగించకుండా పొరుగువారి కిటికీలకు దూరంగా ఉంచడం మర్యాద కూడా.

నీటి గొట్టాల క్రమం మరింత ముఖ్యం. కొలను నుంచి వచ్చిన నీరు మోటారును, వడపోత యంత్రాన్ని దాటిన తరువాతనే హీట్ పంపులో ప్రవేశించాలి. లేనిచో చెత్త దాని మార్గాన్ని మూసివేస్తుంది. క్లోరిన్ కలిపే సాధనం దాని తరువాతనే ఉండాలి. గాఢమైన క్లోరిన్ లోహాలను తినివేస్తుంది. అందుకే నీరు తగిలే లోపలి భాగాన్ని తుప్పుకు లొంగని టైటానియంతో చేస్తారు. మూడు వాల్వులతో ఒక పక్కదారిని ఏర్పాటు చేస్తే, నీటి ప్రవాహాన్ని సరిచేసుకోవచ్చు. మరమ్మతు సమయంలో యంత్రాన్ని వేరుచేయవచ్చు.

నీరూ విద్యుత్తూ కలిసే చోట అజాగ్రత్త ప్రాణాంతకం. యంత్రానికి ప్రత్యేకమైన తీగ, ఎర్తింగ్, 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే విద్యుత్తును నిలిపివేసే రక్షణ సాధనం తప్పనిసరి. ఈ పనిని అర్హుడైన ఎలక్ట్రీషియన్‌కే అప్పగించాలి. శీతలీకరణ ద్రవ్యం గల భాగాన్ని ఎవరూ సొంతంగా విప్పరాదు. ఆర్-32 ఓజోన్ పొరకు హాని చేయదు గాని, వాతావరణంలో కలిస్తే నూరేళ్ల కాలంలో కార్బన్ డయాక్సైడు కంటే దాదాపు 675 రెట్లు భూతాపాన్ని పెంచుతుంది. యంత్రం నడిచేటప్పుడు అడుగున నీరు కారడం సహజం. అది చాలావరకు గాలిలోని తేమ చల్లని గొట్టాలపై చేరి కారే నీరే. గడ్డకట్టే చలికాలంలో మాత్రం యంత్రంలోని నీటిని పూర్తిగా తీసివేయాలి. లేకపోతే మంచు వ్యాకోచించి గొట్టాలను పగలగొడుతుంది.

కవరు గురించి మరొక్క మాట. ఇళ్లలోని కొలనుల్లో పసిపిల్లలు మునిగిపోకుండా కంచె, అలారం, భద్రతా కవరు, మూసే కట్టడం వంటి వాటిలో ఒకటైనా ఉండాలని ఫ్రాన్స్ 2003లో చట్టం చేసింది. వేడిని ఆపే పలుచని బుడగల పట్టా ఇటువంటి భద్రతా కవరు కాదు. బిడ్డ దాని మీద అడుగుపెడితే అది బరువు మోయదు. వేడిని కాపాడటం ఒకటి, ప్రాణాన్ని కాపాడటం మరొకటి. ఈ రెండింటినీ వేరువేరుగా ఆలోచించి ఏర్పాటు చేసుకోవాలి.

తెలుగునాట ఏడాదిలో ఎక్కువ కాలం ఈతకొలను నీటిని వెచ్చబరచవలసిన అవసరం రాదు. కాని మన గదులను చల్లబరిచే ఎయిర్ కండిషనర్ కూడా వేడిని ఒకచోట నుంచి తోడి మరొకచోట పోసే యంత్రమే. తలుపులు తెరిచి దానిని నడిపితే జరిగేది, కవరు లేని కొలనులో జరిగినదే. ఏ యంత్రమైనా శక్తిని శూన్యం నుంచి సృష్టించలేదు. కనుక తోడటం నేర్చిన మనిషి, తోడినదానిని నిలుపుకోవడం కూడా నేర్చుకోవాలి.

ప్రశ్నలు

1. హీట్ పంపును ఏతంతో పోల్చడంలోని ఔచిత్యాన్ని వివరించండి.
2. యంత్రం కంటే ముందు కవరు కొనడం వివేకమని రచయిత ఎందుకన్నారు? లెక్కలతో సమర్థించండి.
3. హీట్ పంపు అమరికలో పాటించవలసిన జాగ్రత్తలను తెలపండి.